మొలకెత్తని పెన్‌డ్రైవ్

మా మనవరాలు నిజామాబాద్‌లో ల్యాప్‌టాపులు బాగుచేసే సెంటర్‌లో చేరింది. చేరిన వారానికే ఇంటికొచ్చి, "అవ్వా, మా దగ్గర ల్యాప్‌టాప్ విప్పే ముందట చేతికి ఎర్తింగ్ బెల్టు కట్టుకుంటరు. నువ్వెట్ల చేసేదానివి?" అని అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను. రెండో మాటకే ఫోన్ చూసుకుంది. చెబితే వినే వయసు కాదు. రాసి పెడితే, ఎప్పుడైనా చేతిలో పని చెడిన రోజున చదువుకుంటుంది. అందుకని రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే మిగతా పిల్లలు చదివినా నాకేం నష్టం లేదు.

నేను చదివింది మూడో తరగతి. అదీ పూర్తిగా కాదు. పసుపు తవ్వకాలకు మనుషులు చాలక బడి మానిపించారు, తవ్వకాలు అయ్యాక పంపడం మరిచిపోయారు. తెలుగు పేపరు చూసి నేర్చుకున్నాను. ఇంగ్లీషు కంప్యూటర్ తెర చూసి నేర్చుకున్నాను. అందుకే నాకు యాపిల్ అనే మాట కంటే ఎర్రర్ అనే మాట ముందు వచ్చింది.

చీపురుతో మొదలు

ఆర్మూర్‌లో పెర్కిట్ పోయే రోడ్డు మీద నరహరి సారు కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టినప్పుడు నేను ఊడ్చే పనికి చేరాను. రెండు వేల సంవత్సరం, అటూ ఇటూ. కంప్యూటర్లకు ఏసీ గది, పిల్లలకు రేకుల వరండా. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. ఏ గుడిలోనూ నేను అంత భయంగా అడుగు పెట్టలేదు.

సారు మనిషి మంచివాడే, అబద్ధం ఎందుకు. కానీ ఆయనకు వచ్చిన రిపేరు ఒకటే: బంద్ చేసి మళ్ళీ చాలూ చేయడం. దానికి లొంగకపోతే ఆ రోగం పేరు వైరస్. సీపీయూ డబ్బా విప్పాల్సి వస్తే పిల్లలందరినీ బయటికి పంపి, తలుపు వేసుకుని, లోపల కాన్పు జరుగుతున్నట్టు అరగంట తరవాత చెమటలు తుడుచుకుంటూ వచ్చేవాడు. ఊడ్చేదాన్ని కాబట్టి నన్ను బయటికి పంపేవాడు కాదు. ఊడ్చేవాళ్ళకు కళ్ళుంటాయన్న సంగతి చాలామందికి గుర్తుండదు. నా చదువంతా ఆ మరుపు పుణ్యమే.

లోపల ఆయన చేసేది ఏమీ లేదు. విప్పి, చూసి, భయపడి, మళ్ళీ బిగించేవాడు.

ఆర్మూర్‌లో ఎండలు మొదలయ్యాయంటే గాలి కూడా పచ్చగా ఉంటుంది. మార్కెట్‌కు పసుపు బస్తాలు వస్తుంటాయి, పాలిష్ పట్టే డ్రమ్ములు తిరుగుతుంటాయి. ఆ దుమ్ముకు ఏసీ గదీ, రేకుల వరండా ఒకటే. డబ్బాలో ఫ్యాను రెక్కలకు పెళ్ళికూతురి కాళ్ళకు రాసినట్టు పసుపు పట్టి ఉండేది. ఒకరోజు సారు విప్పి పెట్టి టీకి పోయినప్పుడు, సున్నం వేసే చిన్న బ్రష్ తెచ్చి లోపలంతా ఊడ్చేశాను. ఆయన వచ్చి మీట నొక్కితే డబ్బా నడిచింది.

"చూసినవా రాజవ్వా," అన్నాడు. "జర రెస్ట్ ఇస్తే గదే సక్కగైతది."

బ్రష్ కొంగులో దాచుకున్నాను.

రిపేరు పనిలో సగం ఊడ్చడమే. మిగతా సగానికి కోర్సులున్నాయి, సర్టిఫికెట్లున్నాయి. ఈ సగానికి లేవు కాబట్టి దీన్ని పనిగా ఎవరూ లెక్కపెట్టరు. మీరు లెక్కపెట్టండి.

వైరస్ అనే దయ్యం

మార్కెట్ దగ్గర ఒక అడ్తి సేటు ఉండేవాడు. రైతుల పసుపు అమ్మిపెట్టే దుకాణం ఆయనది. ఆయన కంప్యూటర్ రోజూ పొద్దున పదకొండు దాటగానే దానంతటదే బంద్ అయి మళ్ళీ మొదలయ్యేది. నరహరి సారు వైరస్ అన్నాడు. లోపలున్నదంతా తుడిచి కొత్తగా వేశాడు. మర్నాడు పదకొండుకు మళ్ళీ అదే. ఇంకోసారి తుడిచాడు. మూడోసారి పోయినప్పుడు సామాను మోయడానికి నన్ను తీసుకుపోయాడు.

నేను గడప దగ్గర కూర్చున్నాను. పదకొండుకు పక్క షెడ్డులో పాలిష్ డ్రమ్ము గర్రుమని మొదలైంది. సేటు నెత్తిమీది బల్బు ఒక్కసారి కన్ను కొట్టినట్టు మసకబారింది. కంప్యూటర్ బంద్.

"సారూ, పక్కపొంటి మోటర్ చాలూ అయినప్పుడే గిది బంద్ అయితున్నది," అన్నాను.

"నీకేం తెల్సు రాజవ్వా, గా బ్యాగు పట్టుకో," అన్నాడు సారు.

సేటు మాత్రం నా మాట విన్నాడు. కంప్యూటర్‌కు వేరే కరెంటు లైను గుంజించాడు. ఆ తరవాత ఆ వైరస్ రాలేదు. తిరిగొచ్చేటప్పుడు సారు నాతో మాట్లాడలేదు. కానీ పది రోజులు పోయాక ఇంకొకరి ఇంట్లో, "పక్కపొంటి మోటర్ ఏమన్న ఉన్నదా?" అని ఆయనే అడగడం నా చెవులతో విన్నాను. కింద ఉన్నవాళ్ళ దగ్గర నేర్చుకున్నది పైవాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా నేర్చుకుంటే చాలు. ఈ మాట ఇక్కడ ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది. సారును ఎత్తిపొడవడానికి మాత్రం కాదు.

ముగ్గు దించినట్టు

ఇంగ్లీషు రాకపోవడం నాకు చేసిన మేలు ఒకటుంది. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు తెర మీద ఏదైనా రాసి కనబడితే చదవరు, ఓకే నొక్కుతారు. నాకు చదవడం రాదు కాబట్టి, పక్కింటావిడ వాకిట్లో ముగ్గును చూసి దించుకున్నట్టు ఒక్కో అక్షరాన్నీ నోటుబుక్కులో దించుకునేదాన్ని. దించాక పక్కన తెలుగులో ఏం చేస్తే పోయిందో రాసుకునేదాన్ని. ఏ ముగ్గుకు ఏ మందు అని. నాలుగేళ్ళకు రెండు నోటుబుక్కులు నిండాయి, అక్షరాలు కూడా వాటంతటవే వచ్చేశాయి.

ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక మార్కెట్ రోడ్డులో ఒక మడిగె చూసుకుని నా సొంతానికి రిపేరు దుకాణం పెట్టుకున్నాను. బోర్డు పెట్టలేదు. తగరపు రేకు మీద పేరు రాయిస్తేనే పని వస్తుందంటే ఆ పని నాకు వద్దనుకున్నాను. ఏదీ పారేసే అలవాటు లేదు కాబట్టి మడిగె నిండా పాత డబ్బాలు, వైర్లు, మరలు. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక చచ్చిపోయిన మానిటర్ బోర్లించి ఉండేది.

నా దగ్గర ఒకే ఒక్క పెన్‌డ్రైవ్. దాన్ని నల్లదారానికి కట్టి మెడలో వేసుకునేదాన్ని. చూసినవాళ్ళు తాయెత్తు అనుకునేవాళ్ళు. దసరాకు స్క్రూడ్రైవర్లతో, బ్రష్‌తో పాటు దానికీ పసుపు కుంకుమ పెట్టేదాన్ని. పెద్ద పని ఏది మొదలుపెట్టినా అంతే, ముందు పనిముట్లకు బొట్టు. మా ఇంట్లో నాగలికి పెట్టేవాళ్ళు, నేను నాకున్నవాటికి పెట్టాను.

ముప్కాల్ బడి డబ్బాలు

రెండు వేల తొమ్మిదో పదో, సరిగ్గా గుర్తు లేదు. జూన్ నెల, బళ్ళు తెరిచే ముందు. శుక్రవారం పొద్దున్నే నా మడిగె ముందర ఒక ఆటో ఆగింది. వెనక ఆరు కంప్యూటర్లు, అవి పడిపోకుండా వాటి మీద చేతులు చాచి ఒక పిల్ల. ఇరవై రెండేళ్ళుంటాయి. పేరు సువార్త. ముప్కాల్‌లో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచరుగా తీసుకున్నారట.

"ఎవరు పంపిండ్రు బిడ్డా?" అన్నాను.

"ఎవ్వలు పంపలె అవ్వా. నిజామాబాద్ల అడిగితే గివి తుక్కుకు ఏసుకొమ్మన్నరు. తుక్కు గూడ నడిపిస్తదని ఆటో అన్న నీ పేరు జెప్పిండు."

హైదరాబాద్‌లో ఏదో ఆఫీసు మూసేస్తూ ఆ డబ్బాలను బడికి దానం చేసిందట. దానం చేసేవాళ్ళు చేసే పని నాకు తెలుసు. పారేయడానికి బండి కిరాయి దండగ కాబట్టి పుణ్యం చేస్తారు. బడి కరస్పాండెంటు సారు మాత్రం అప్పుడే గోడల మీద 'కంప్యూటర్ విద్య' అని రాయించేశాడు.

"సోమారం తల్లిదండ్రులు సూడవస్తరు. ఆరు తెరలు ఎలగాలె అన్నడు సారు," అంది సువార్త.

"ఎలగకుంటే?"

"కంప్యూటర్ టీచర్ పోస్టే ఉండదన్నడు." డబ్బా మీది దుమ్ము తుడుస్తూ, "ఆయా పని ఖాళీ ఉన్నది, ఊడుస్తవా అని అడిగిండు," అంది.

వాళ్ళమ్మ పసుపు ఉడకబెట్టే కడాయిల దగ్గర కూలి. పొగకు కళ్ళు పోయి మధ్యలో పని మానేసింది. ఈ పిల్ల రోజూ ముప్కాల్ నుంచి ఆర్మూర్‌కు బస్సులో వచ్చి డిప్లొమా చేసింది. వాళ్ళింట్లో నీడపట్టున పని దొరికిన మొదటి మనిషి. నేను చీపురు నుంచి కంప్యూటర్‌కు వచ్చినదాన్ని. ఈ పిల్లను కంప్యూటర్ నుంచి చీపురుకు పంపుతానంటున్నాడు ఆ పెద్దమనిషి. జాలి అని కాదు, నాకు జాలి తక్కువ. దారి తలకిందులైనట్టు అనిపించింది, అంతే.

"దించు," అన్నాను.

సంచిలో విత్తనం

డబ్బాలు విప్పి ఊడ్చాక చూస్తే ముసలివే కానీ చచ్చినవి కావు. వాటిలో ఉన్న విండోస్ మాత్రం బక్క ఎద్దుకు కట్టిన లోడు బండిలా ఉంది. మీట నొక్కి, ఒకరు పోయి స్నానం చేసి రావచ్చు. వాటికి కావలసింది తేలికపాటిది. ఒక కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీలో, విండోస్‌కు బదులు వేసుకునే అట్లాంటి చిన్న లైనక్స్ ఉందని నాకు గుర్తు. పత్రికను పొట్లాలకు వాడినా సీడీని దాచాను.

కానీ ఆరు డబ్బాల్లో ఒక్కదాని సీడీ డ్రైవూ చదవడం లేదు. నా కంప్యూటర్‌ది చదువుతుంది. కాబట్టి సీడీలో ఉన్నదాన్ని పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి, దానితో ఆ డబ్బాలను లేపాలి. మెడలోంచి దారం తీశాను. ఎప్పటిలాగే పెన్‌డ్రైవ్‌కు, స్క్రూడ్రైవర్‌కు పసుపు తడిపి బొట్టు పెట్టి పని మొదలుపెట్టాను. సువార్త క్రైస్తవుల పిల్ల. నేను బొట్టు పెడుతున్నంతసేపూ చేతులు కట్టుకుని మర్యాదగా పక్కకు చూస్తూ నిలబడింది.

సీడీలో ఒకే ఒక పెద్ద ఫైలు. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. మొదటి డబ్బాకు పెట్టి మీట నొక్కాను. 'బూట్ డిస్క్ ఫెయిల్యూర్' అని నల్ల తెర.

"కాపీ అయితే అయింది గదవ్వా," అంది సువార్త.

నోటుబుక్కు తిరగేశాను. ఈ ముగ్గు ఉంది కానీ మందు వేరే. కాసేపు ఆలోచిస్తే మా నాయన పసుపు విత్తనం గుర్తుకొచ్చింది. మంచి కొమ్ములు ఏరి, బస్తాలో కట్టి, ఇంట్లో మూలకు పెట్టేవాడు. బస్తాలో ఉన్నంతకాలం ఎంత మంచి విత్తనమైనా బస్తాయే. నాగటి చాలు తీసి పాతితేనే పంట. ఆ పెద్ద ఫైలు బస్తా. దాన్ని ఉన్నదున్నట్టు మోసుకొచ్చి పెడితే డబ్బాకు అది విత్తనమని తెలియదు. దాన్ని విప్పి, లోపలున్నవాటిని పెన్‌డ్రైవ్‌లో ఎక్కడివక్కడ పాతాలి. దానికోసం వేరే ప్రోగ్రాము ఉంటుంది. ఇంటర్నెట్ మెల్లగా వచ్చే రోజులు, అది దిగేసరికి మధ్యాహ్నమైంది.

ఈ పొరపాటు ఇప్పటికీ నూటికి తొంభైమంది చేస్తారు. సిగ్గుపడాల్సినది కాదు. సిగ్గుపడాల్సినది ముందుంది.

ఒకసారి లేస్తుంది, ఒకసారి లేవదు

పాతాక మళ్ళీ పెట్టాం. డబ్బా పట్టించుకోలేదు. అది తప్పు కాదు. ఏ డబ్బా అయినా లేవగానే ముందు ఎవరి గుమ్మం చూడాలో దానికి ఒక వరస చెప్పి ఉంటుంది. మీట నొక్కగానే డిలీట్ బటన్ టకటకా కొడితే నీలం తెర వస్తుంది. అందులో వరస మార్చి యూఎస్‌బీని ముందు పెట్టాలి. పెట్టాను. మూడో డబ్బా మాత్రం పెట్టింది పెట్టినట్టే మరిచిపోతోంది. లోపల బిళ్ళ బ్యాటరీ చచ్చిపోయి ఉంది. నా తుక్కులోంచి ఒకటి తీసి వేశాను.

అప్పుడు మొదటి డబ్బా లేచింది. తెర మీద తెల్లటి అక్షరాలు వానలా దిగాయి. వాన సగంలో ఆగిపోయింది. 'రీడ్ ఎర్రర్'.

మళ్ళీ పెట్టాను. ఈసారి అసలు కనబడనే లేదు. మళ్ళీ పెట్టాను. మూడొంతుల దాకా వచ్చి ఆగింది. రెండో డబ్బాకు పెట్టాను. కనబడలేదు. ఊపి పెడితే కనబడింది. డబ్బా ముందరి యూఎస్‌బీ రంధ్రాలు వదిలి వెనక రంధ్రాల్లో పెట్టాను. ఒకసారి లేచి, ఒకసారి పడుకుంది.

పూర్తిగా చెడిపోయినది మంచి రోగం, ఎక్కడుందో తెలుస్తుంది. ఒకసారి నడిచి ఒకసారి నడవనిది మనిషికి పిచ్చెక్కిస్తుంది. శనివారం సాయంత్రం దాకా నేను అనుమానించనిది లేదు. సీడీలో ఫైలు చెడిందన్నాను, మళ్ళీ పాతాను. పాతే ప్రోగ్రాము చెడ్డదన్నాను, వేరేది తెచ్చాను. కరెంటు అన్నాను, పక్క మడిగెలోంచి వైరు గుంజాను. దానం చేసిన ఆఫీసును తిట్టాను. చివరికి సువార్తను పట్టుకున్నాను.

"నెత్తికి నూనె పెట్టుకొని గదే చేతులతోని ముడుతున్నవా?"

"లేదవ్వా."

"మరేం ముట్టినవ్?"

"ఏం ముట్టలేదవ్వా."

"ముట్టకుంటే ఎట్ల చెడుతది? నేను గిన్నేండ్ల సంది చేస్తున్న, నా చేతిల చెడుతదా?"

ఆ పిల్ల తల వంచుకుంది. పొద్దటి నుంచీ మూడుసార్లు నోరు తెరిచి మూసిందని ఇప్పుడు గుర్తుకొస్తుంది. అప్పుడు చూడలేదు. చూసినా, టీకి అడుగుతుందనుకునేదాన్ని.

నాలుగున్నర దాటింది. చివరి బస్సుకు ఇంకా టైముంది కానీ సువార్త సంచి భుజానికి వేసుకుంది. గుమ్మం దాకా పోయి ఆగింది. వెనక్కి తిరగకుండానే అంది.

"అవ్వా, ఒకటి అడుగుత. తిట్టొద్దు."

"తిట్టేదుంటే తిడత. అడుగు."

"గా పెన్‌డ్రైవ్ మూతిల పచ్చగ ఉన్నదేంది?"

పసుపు కొనడానికి వచ్చిన సేట్లు కొమ్మును విరిచి లోపలి రంగును వెలుతురుకు పెట్టి చూస్తారు. నేనూ అట్లాగే పెన్‌డ్రైవ్‌ను గుమ్మం దగ్గర ఎండకు పట్టి చూశాను. లోహపు మూతి లోపల, నాలుగు బంగారు రంగు గీతలు ఉండాల్సిన చోట, ఎండిన పసుపు వార్నిషులా పట్టి ఉంది. నల్లటి ప్లాస్టిక్ వైపు బొట్టు నిలవదు, జారిపోతుంది. మెరిసే వైపే దాని ముఖమనుకుని ప్రతి పనికీ, ప్రతి దసరాకూ అక్కడే పెట్టాను. నిన్న తడిగా పెట్టింది లోపలికి జారింది. పాతవాటి మీద పొరగా ఎండింది. తగిలీ తగలకుండా ఒకసారి నడిచి, ఒకసారి పడుకుంది.

ఆర్మూర్‌లో ఉన్న కంప్యూటర్లన్నిటిలోంచీ పసుపు ఊడ్చిన దాన్ని. నా పెన్‌డ్రైవ్ నోట్లో నేనే కుక్కాను.

"ఎప్పుడు చూసినవ్?" అని అడిగాను.

"నిన్ననే చూసిన. నువ్వు బొట్టు పెడుతుంటె."

"నిన్ననే చూస్తే ఇయ్యాల చెప్తున్నవా? నౌకరి నీది గాదా?"

"నాదే," అంది. "గాని నువ్వు పూజ చేస్తివి. మేం చర్చికి పోయేటోళ్ళం. నీ పసుపుతోనే ఖరాబయిందంటె నువ్వేమనుకుంటవో అని భయమయింది. మల్ల నువ్వు మొగం గట్ల పెట్టుకోని ఉంటివి."

ఇన్నేళ్ళ పనిలో నేను చేసిన తప్పుల్లో పెద్దది పసుపు కాదు. పసుపు రబ్బరుతో పోయింది. పెన్సిల్ చెరిపే రబ్బరు ముక్కను సన్నగా కోసి లోపలికి పోనిచ్చి రుద్దాను, దవాఖానలో సూది ముందు రాసే స్పిరిట్ దూదికి తడిపి తుడిచాను, పది నిమిషాల పని. పెద్ద తప్పు నా ముఖం. తన నౌకరి పోతున్నా నోరు తెరవలేనంతగా ఆ పిల్ల నాకు భయపడింది. నరహరి సారు నాతో "గా బ్యాగు పట్టుకో" అన్నాడు. నేను ఆ మాట కూడా అనకుండానే అంత పని చేశాను.

ఇది రాయడం నాకు ఇష్టం లేదు. కానీ మనవరాలు చదువుతుంది కాబట్టి రాశాను. మీ పక్కన నిలబడ్డ మనిషి నోరు తెరిచి మూసిందంటే, చేతిలో పని పక్కన పెట్టి ఏంది అని అడగండి. మీటర్లు, బెల్టులు తరవాత.

శుభ్రం చేశాక కొత్తగా పాతి మొదటి డబ్బాకు పెట్టాను. తెల్లటి అక్షరాల వాన చివరిదాకా కురిసింది. ఆ తరవాత ఒక చిన్న బాణం గుర్తు, నీలం తెర. సువార్త సంచి కింద పెట్టింది.

ఆదివారం

"రేపు పొద్దున ప్రార్థనకు పోవాలె అవ్వా, పోయినంక వస్త," అంది సువార్త. నేను ముఖం పెట్టకుండా ఉండటానికి చాలా కష్టపడి, "పో," అన్నాను.

పదకొండుకల్లా వచ్చింది. నాలుగు డబ్బాలు వరసగా లేచాయి, ఒక్కోదానికి టీ తాగినంతసేపు. ఆరోది అన్నిటికంటే ముసలిది. వరస మార్చే నీలం తెరలో యూఎస్‌బీ అన్న మాటే లేదు. ఎంత తుడిచినా, ఎంత బాగా పాతినా అది పెన్‌డ్రైవ్‌ను చూడదు, దాని కాలంలో అది లేదు. ఈసారి నేను నోరు మూసుకుని సువార్త వైపు చూశాను.

"దాని హార్డ్‌డిస్క్ ఇప్పి అయిదో దాంట్ల పెట్టి, ఆడ ఎక్కించి, మల్ల తెచ్చి గిందల పెడితే?" అంది మెల్లగా.

"చెయ్యి," అన్నాను.

చేసింది. మరలు తనే విప్పింది, తనే బిగించింది. సాయంత్రం ఎండ ఉండగానే ఆరు తెరలూ నా మడిగెలో వెలిగాయి. టీ తాగడానికి వచ్చిన హమాలీలు నిలబడి చూసి, "టీవీ దుకాణం పెట్టినవా రాజవ్వా?" అని పోయారు.

ఆరో డబ్బా

సోమవారం నేనూ ముప్కాల్ పోయాను. చేసిన పని చేసిన చోట నడుస్తుందో లేదో చూడకపోతే నాకు అన్నం దిగదు.

తల్లిదండ్రులు ముప్పైమంది దాకా వచ్చారు. కరస్పాండెంటు సారు తెల్లటి చొక్కా, కొబ్బరికాయ, పసుపు కుంకుమ పళ్ళెంతో సిద్ధంగా ఉన్నాడు. తెరలను చూసి ముఖం చిట్లించాడు.

"ఇదేం బొమ్మ? కంప్యూటర్ల పచ్చగడ్డి గుట్ట ఉంటది గద?"

"గుట్ట లేదు సార్," అంది సువార్త. "టైపు చేసుడు, లెక్కలు చేసుడు, బొమ్మలు గీసుడు అన్ని ఉన్నయి. గుట్ట ఉన్న విండోస్ అయితే గీ డబ్బాలు మోయలేవు."

వెనక నుంచి ఒక తండ్రి, "గుట్టతోని మనకేం పని సారు, మా బిడ్డ పేరు రాయుమను," అన్నాడు. సువార్త ఇంగ్లీషులో రాసింది. ఆయనకు చదవడం రాదు. అయినా తెర దగ్గరకు వంగి, చాలాసేపు చూశాడు.

సారు కొబ్బరికాయ కొట్టి, పసుపులో వేలు ముంచాడు. మొదటి డబ్బా ముందర వంగాడు. ముఖం మీద పెట్టాలనుకున్నాడు. డబ్బాకు ముఖం ఎక్కడుంటుంది, ముందర రెండు చిన్న రంధ్రాలున్న చోటే ముఖంలా ఉంటుంది. తడి వేలు తిన్నగా అటే పోతోంది. నేను నోరు తెరవబోయాను. అంతకుముందే సువార్త చెయ్యి అడ్డం వచ్చింది.

"సార్, మీద పెట్టుర్రి. గా రంధ్రాలల్ల వద్దు."

బడి పెట్టిన మనిషి చేతికి, నిన్నగాక మొన్న చేరిన పిల్ల, పైగా చర్చికి పోయే పిల్ల, అడ్డం పెట్టింది. సారు లేచి నిలబడ్డాడు.

"ఏం, పసుపుకు గూడ వైరస్ వస్తదా?" అన్నాడు. కొందరు నవ్వారు.

"వైరస్ గాదు సార్. లోపల ఎండితే కరెంటు తగలది. మొన్న గట్లనే రెండు దినాలు ఖరాబయినయి."

ఎవరు చేశారో చెప్పలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. ముప్పైమంది ముందర ఒక్క మాటతో తను బయటపడవచ్చు. పడలేదు.

నాకు చచ్చేంత నామోషీ అయింది. అయినా జనంలోంచి ముందుకు వచ్చాను.

"గది నేను చేసిన పనే సారు," అన్నాను. "నాకు తెల్వలె. టీచరే జూసింది. టీచర్ జెప్పింది ఇనుర్రి."

ఆయన నన్ను చూశాడు, ఆమెను చూశాడు, ఆరు తెరలను చూశాడు. వేలు పైకి జరిపి డబ్బా నెత్తి మీద బొట్టు పెట్టాడు. రెండోదానికి, మూడోదానికి అట్లాగే పెట్టాడు. ఆరో డబ్బా నెత్తి మీద వైర్లు అడ్డం ఉన్నాయి. ఎక్కడ పెట్టాలో తెలియక చెయ్యి గాల్లో ఆపి వెనక్కి తిరిగాడు.

"టీచర్," అన్నాడు, "గీడ పెట్టొచ్చా?"

ఆయా పని సంగతి ఆ తరవాత ఎవరూ ఎత్తలేదు.

బస్టాపు దాకా సువార్త నాతో వచ్చింది. ముసలి డబ్బాలు, ఎప్పుడు ఏది పడుకుంటుందో తెలియదు. పడుకున్న ప్రతిసారీ ఆటోలో వేసుకుని ఆర్మూర్ రావడం కుదరదు. మెడలోంచి దారం తీసి పెన్‌డ్రైవ్ ఆమె చేతిలో పెట్టాను.

"మల్ల తెచ్చియ్యాలె," అన్నాను.

"తెస్తవ్వా," అంది.

ఇంతవరకు తేలేదు. ఆ బడి పెద్దదైంది, సువార్త దగ్గర ఇప్పుడు ఇద్దరు టీచర్లు పని నేర్చుకుంటున్నారని విన్నాను. నేనైతే అడగను. తెచ్చి ఇస్తే మాత్రం వద్దనను.